దారి చూపే ప్రొటీన్లు, వాటిని మలిచే ఎంజైములు: ఒక సంవాదం

నాడీకణం నుంచి బయలుదేరే పొడవాటి పోగు ఆక్సాన్. నడుము దగ్గర వెన్నుపాములో మొదలై పాదం దాకా సాగే ఆక్సాన్ పెద్దవాళ్ళలో సుమారు ఒక మీటరు ఉంటుంది. పిండదశలో ఈ పోగు తన చోటు తానే వెతుక్కుంటూ పెరుగుతుంది. దాని కొసన విప్పారిన భాగాన్ని స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1890లో కోడిపిండంలో గుర్తించి గ్రోత్ కోన్ అని పేరు పెట్టాడు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్పపిండం ముక్కను లింఫ్ చుక్కలో బతికించి, ఆ కొస చేతివేళ్ళలాంటి సన్నని పోగులు చాస్తూ కదలడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ కొసకు దారి తెలిసేది రసాయన గుర్తుల వల్లనేనని 1963లో రోజర్ స్పెర్రీ వాదించాడు. ఆ గుర్తులు చేతికి చిక్కడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. సెమాఫోరిన్లు, నెట్రిన్లు, ఎఫ్రిన్లు, స్లిట్లు అనే కుటుంబాలు 1990ల్లో ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చాయి. వీటిలో కొన్ని ఆక్సాన్‌ను దగ్గరికి లాగుతాయి, కొన్ని నెట్టేస్తాయి. నెట్రిన్ లాంటివి ఎదురుగా ఉన్న కణాన్ని బట్టి రెండు పనులూ చేస్తాయి.

ఈ ప్రొటీన్లు తయారైన రూపంలోనే పనిచేయవు. ఎంజైములు వాటిని కోస్తాయి, వాటికి ఫాస్ఫేట్ తగిలిస్తాయి, తీసేస్తాయి, కణం పొర నుంచి ఊడదీస్తాయి. అలాంటప్పుడు నాడి పెరుగుదలలో పెత్తనం ఎవరిది? ఎంజైమును ఆపితే పెరుగుదలను చేతిలోకి తీసుకున్నట్టేనా? సంగారెడ్డి జిల్లా కిష్టారెడ్డిపేటలో పక్కపక్క ఇళ్ళవాళ్ళిద్దరు ఈ ప్రశ్న దగ్గర ఎదురుబొదురయ్యారు. ఒకరు ఆనుకునే ఉన్న బొల్లారం పారిశ్రామికవాడలో, ఒక బల్క్‌డ్రగ్ కంపెనీ ఆర్ అండ్ డీలో పనిచేసే రసాయనజ్ఞుడు. రెండోవారు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన అధ్యాపకురాలు. వాదం నాడీవృద్ధి కారకం, అంటే ఎన్‌జీఎఫ్‌తో మొదలైంది.

రసాయనజ్ఞుడు: పెత్తనం ఎంజైముదే మేడం. ఎన్‌జీఎఫ్‌నే తీసుకోండి. కణంలో ముందు తయారయ్యేది దాని పొడవాటి పూర్వరూపం. ఫ్యూరిన్ లాంటి ప్రోటియేజ్ దాన్ని కోస్తేనే అసలు ఎన్‌జీఎఫ్ బయటికొస్తుంది. కోసిన రూపం ట్రక్-ఏ గ్రాహకానికి అతుక్కుని నాడీకణాన్ని బతికిస్తుంది. కోయని రూపం పీ75 అనే ఇంకో గ్రాహకానికి అతుక్కుని చంపేస్తుందని 2001లో తేలింది. జన్యువు ఒకటే, ప్రొటీన్ ఒకటే. ఒక్క కోతతో చావు బతుకుగా మారింది.

అధ్యాపకురాలు: ఆ ఎన్‌జీఎఫ్ దొరికిన తీరు గుర్తుందా? 1950ల్లో సెయింట్ లూయిస్‌లో రీటా లెవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ ఎలుక కణితి నుంచి ఒక సారం తీశారు. కోడిపిండం నాడీముడి మీద అది వేస్తే చుట్టూ పోగులు మొలిచేవి. అందులో పనిచేసేది ప్రొటీనా, న్యూక్లిక్ ఆమ్లమా అని సందేహం వచ్చింది. న్యూక్లిక్ ఆమ్లాలను ముక్కలు చేసే ఫాస్ఫోడైఎస్టరేజ్ పాము విషంలో పుష్కలంగా ఉంటుంది కాబట్టి సారంలో విషం కలిపారు. పోగులు తగ్గాల్సింది పోయి విపరీతంగా పెరిగాయి. తీరా చూస్తే విషంలోనే ఎన్‌జీఎఫ్ కణితిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. విషగ్రంథి ఒక రకం లాలాజల గ్రంథే కదా అని మగ ఎలుకల లాలాజల గ్రంథి పరీక్షిస్తే అక్కడ అంతకన్నా మేలైన గని దొరికింది. 1986 నోబెల్ బహుమతి వెనక ఉన్నది ఈ పాము విషమే. ఎంజైమ్ అక్కడ పనిముట్టు మాత్రమే బాబూ.

రసాయనజ్ఞుడు: ఆ లాలాజల గ్రంథిలోనే నా సాక్ష్యం కూడా ఉంది. అక్కడ ఎన్‌జీఎఫ్ ఒంటరిగా దొరకదు. మూడు రకాల ఉపభాగాలున్న కూటమిగా దొరుకుతుంది. బీటా భాగం ఎన్‌జీఎఫ్. గామా భాగం అచ్చమైన ప్రోటియేజ్. కోసే ఎంజైమ్ ప్రొటీన్‌ను పట్టుకునే కూర్చుంది.

అధ్యాపకురాలు: పట్టుకుని కూర్చున్నంత మాత్రాన ఏలుతున్నట్టు కాదు. కోయని రూపం చంపాలంటే కణం మీద పీ75 ఒక్కటి ఉంటే చాలదు, పక్కన సోర్టిలిన్ కూడా ఉండాలి. కోసిన రూపం బతికించాలంటే ట్రక్-ఏ ఉండాలి. అవి లేని కణానికి నువ్వు కోసి పంపినా ఒకటే, కోయకుండా పంపినా ఒకటే. కబురు అర్థం చేసుకునేది అందుకునే కణం. ఎంజైమ్ కబురును తయారుచేస్తుంది, అంతే.

ఇక్కడ ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ట్రక్-ఏ అనే ఆ గ్రాహకం తానే ఒక ఎంజైమ్, టైరోసిన్ కైనేజ్. ఎన్‌జీఎఫ్ తగిలినప్పుడు రెండు ట్రక్-ఏ అణువులు జతకూడి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. అర్థం చేసుకునేది ఒకరు, పనిచేసేది మరొకరు అనే విభజన ఈ అణువు దగ్గర నిలవదు. వాదం మాత్రం ఎఫ్రిన్ల మీదికి మళ్ళింది.

రసాయనజ్ఞుడు: ఎఫ్రిన్ నెట్టేసే గుర్తు. చిక్కేమిటంటే, నెట్టేయడానికి ముందు అది ఎదుటి కణం మీది ఎఫ్ గ్రాహకానికి గట్టిగా అతుక్కోవాలి. అతుక్కున్నాక రెండు కణాలు విడిపోయేదెలా? జవాబు 2000లో దొరికింది. ఎఫ్రిన్-ఏ2 పక్కన ఆడమ్10 అనే ప్రోటియేజ్ ఉంటుంది. అది ఎఫ్రిన్‌ను మొదలు దగ్గర కోసేస్తుంది, ఆక్సాన్ వెనక్కి తగ్గుతుంది. కోతకు లొంగని ఎఫ్రిన్ పెట్టి చూస్తే ఆక్సాన్ విడిపించుకోవడానికి ఆలస్యమైంది. కత్తెర లేకపోతే వికర్షణ కూడా కౌగిలే అవుతుంది.

అధ్యాపకురాలు: ఆ ప్రయోగంలోనే మరో ముక్క ఉంది. ఆడమ్10 ముందునుంచే ఎఫ్రిన్ పక్కన ఉన్నా కోయదు. ఎఫ్ గ్రాహకం వచ్చి తగిలాకే కోస్తుంది. అంటే ఎప్పుడు కోయాలో చెప్పింది గ్రాహకం. నీ కత్తెర ఆజ్ఞ కోసం కాచుకుని ఉంది.

రసాయనజ్ఞుడు: సరే, కోతలు పక్కన పెడదాం. ఫాస్ఫేట్ సంగతి చూడండి. కైనేజ్ తగిలిస్తుంది, ఫాస్ఫటేజ్ తీసేస్తుంది. గ్రోత్ కోన్ ముందుకు పోవాలా, ముడుచుకోవాలా అన్నది లోపల ఈ రెండింటి మధ్యే తేలుతుంది. అందులో మనవాళ్ళ చెయ్యీ ఉంది. కైనేజ్ తగిలించే ఫాస్ఫేట్ ఏటీపీ నుంచి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వేరుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

అధ్యాపకురాలు: అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు, అదీ చెప్పాలి. సుబ్బారావు గారి పని నాకు ఏటీపీ కన్నా ముందు ల్యాబులో తెలిసింది. 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తాం. ఆ పైన కొద్దిగా అమైనోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లం వేస్తాం. నీళ్ళలా ఉన్నది నిమిషాల్లో నీలమెక్కుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. 660 నానోమీటర్ల దగ్గర కలరీమీటరులో పెట్టి చదివితే లెక్క వస్తుంది. ఫాస్ఫటేజ్ ఎంత పనిచేసిందో తెలుసుకోవడానికి తరతరాల విద్యార్థులు ఇదే చేశారు. కానీ ఆ నీలం చెప్పనిది ఒకటుంది. ఫాస్ఫేట్ ఏ ప్రొటీన్ మీంచి ఊడింది, కణంలో ఏ మూల ఊడింది, ఎప్పుడు ఊడింది, వీటిలో ఒక్కటీ నాళికలో కనపడదు. నువ్వు ఎంజైమ్ గురించి మాట్లాడుతున్నది ఆ నాళిక లోపలి నుంచే.

ఈ మాటలో బలం ఉంది. ఎంజైమ్ ఎంత చురుకైనదో గాజులో కొలవవచ్చు. నాడీకణంలో దాని ఫలితం మాత్రం చోటును బట్టి ఉంటుంది. రసాయనజ్ఞుడు దీనికి నేరుగా జవాబివ్వకుండా నిరోధకాల మీదికి వెళ్ళాడు.

రసాయనజ్ఞుడు: నాళికలోనే మొదలవ్వాలి మేడం, మందులన్నీ అక్కడే మొదలవుతాయి. టైరోసిన్ ఫాస్ఫటేజులను వెనడేట్ ఆపుతుందని 1982లో స్టాన్లీ కోహెన్, డేవిడ్ గార్బర్స్‌తో కలిసి ఘనశ్యాం స్వరూప్ చూపించారు. ఎన్‌జీఎఫ్ కోహెనే ఆయన. స్వరూప్ ఆ తర్వాత మన హబ్సిగూడలోని సీసీఎంబీకి వచ్చి టైరోసిన్ ఫాస్ఫటేజుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇవాళ టైరోసిన్ ఫాస్ఫేట్ కొలిచే ల్యాబులో వెనడేట్ సీసా లేకుండా పని జరగదు.

అధ్యాపకురాలు: సీసా ఉంటుంది, గోలీ ఎందుకు కాలేదు? వెనడేట్ ఒక ఫాస్ఫటేజును ఏరుకుని ఆపదు. టైరోసిన్ ఫాస్ఫటేజులన్నిటినీ పడుతుంది, మరికొన్ని ఎంజైములనూ వదలదు. నాడి దారి ఎంత సున్నితమైనదో కాల్పెయిన్ ఉదాహరణ చెబుతుంది. వెన్నుపాములో కొన్ని ఆక్సాన్లు మధ్యగీత దాటి అవతలికి పోతాయి, పోయాక తిరిగి రాకూడదు. మధ్యగీత దగ్గర నెట్టేసే సెమాఫోరిన్ ముందునుంచీ ఉంటుంది. అయినా మొదటిసారి ఎలా దాటుతాయి? దాటకముందు కాల్పెయిన్ అనే ప్రోటియేజ్, సెమాఫోరిన్‌ను పసిగట్టే ప్లెక్సిన్-ఏ1 గ్రాహకాన్ని నరికేస్తూ ఉంటుంది. కాబట్టి ఆక్సాన్‌కు సెమాఫోరిన్ తెలియదు. మధ్యగీత నుంచి వచ్చే సంకేతం కాల్పెయిన్‌ను ఆపుతుంది. అప్పుడు ప్లెక్సిన్ నిలుస్తుంది, ఆక్సాన్ ఇక వెనక్కి తిరగదు. ఇప్పుడు చెప్పు, కాల్పెయిన్‌ను ఆపడం మంచిదా చెడ్డదా? గీతకు ఇవతల ఒక జవాబు, అవతల ఒక జవాబు.

రసాయనజ్ఞుడు: అది నా పక్షాన సాక్ష్యం. గుర్తు మారలేదు. మారింది ఎంజైమ్ పని. దాంతో ఆక్సాన్ నడత తలకిందులైంది. ప్లెక్సిన్ లోపలి సంగతి ఇంకా ముచ్చటైనది. దాని తోకకు మైకాల్ అనే ఎంజైమ్ అతుక్కుని ఉంటుంది. అది కోయదు, ఫాస్ఫేట్ తగిలించదు. ఆక్సీకరణం చేస్తుంది. కణానికి చట్రంలా నిలిచే ఆక్టిన్ పోగుల్లో 44, 47 స్థానాల్లోని మిథియోనిన్లకు ఆక్సిజన్ చేరుస్తుంది. ఆ పోగులు విరిగిపోతాయి, గ్రోత్ కోన్ ముడుచుకుంటుంది. ఈగల్లో ఈ పని 2010, 2011ల్లో రుజువైంది. దాన్ని తిరగదిప్పే రిడక్టేజ్ కూడా తర్వాత దొరికింది. మా ప్లాంటులో మిథియోనిన్ ఆక్సీకరణం అంటే ఇంప్యూరిటీ, బ్యాచ్ పోయినట్టే. అదే రసాయన చర్యతో నాడి మలుపు తిరుగుతోంది.

అధ్యాపకురాలు: ఎంజైమ్ మీద ఎంజైమ్ ఉండే గొలుసులు కూడా ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్‌లో శాంతిని సాకనాథన్ బృందం బయటపెట్టిన గొలుసు చూడు. పిండం వెన్నుపాములో విభజన ఆపి మోటార్ నాడీకణంగా మారాలంటే జీడీఈ2 అనే పొర ఎంజైమ్ కావాలి. దాన్ని మేల్కొలిపేది ఇంకో ఎంజైమ్, పెరాక్సిరెడాక్సిన్-1. మామూలుగా అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను హరించే కాపలాదారు. ఇక్కడ జీడీఈ2లోని డైసల్ఫైడ్ బంధం తెంపుతుందని 2009లో తేలింది. మేలుకున్న జీడీఈ2, రెక్ అనే ప్రొటీన్‌ను పొరకు కట్టి ఉంచిన కొవ్వు లంగరును కోసేస్తుంది. రెక్ అంతదాకా ఆడమ్10ను అణచి ఉంచింది. అది పోగానే ఆడమ్10 చెలరేగి పక్క కణానికి నాచ్ సంకేతం పోకుండా చేస్తుంది, ఆ కణం నాడిగా మారుతుంది. నాలుగు మెట్లున్నాయి. పెత్తనం ఏ మెట్టుదంటావు?

రసాయనజ్ఞుడు: ఏ మెట్టుదైనా ఎంజైముదే కదా.

అధ్యాపకురాలు: రెక్ ఎంజైమ్ కాదు. నాచ్ కాదు.

వాదం ఇక్కడి నుంచి మందుల వైపు తిరిగింది. బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతంలో ఈ తిరుగుడు సహజం. ఈ వాడల బతుకుతెరువులో ఎంజైములను ఆపే అణువులకూ చోటుంది.

రసాయనజ్ఞుడు: 1984లో అంజిరెడ్డి గారు పెట్టిన డాక్టర్ రెడ్డీస్‌కు తొలిరోజుల్లో పేరు తెచ్చినవి చూడండి. మిథైల్‌డోపా డీకార్బాక్సిలేజును ఆపుతుంది. నార్‌ఫ్లాక్సాసిన్ బాక్టీరియా గైరేజును ఆపుతుంది. ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లం పంపు చేసే ఏటీపేజును ఆపుతుంది. ఎంజైమును ఆపితే రోగం లొంగుతుందని ఈ చుట్టుపక్కల రియాక్టర్లన్నీ సాక్ష్యం చెబుతాయి. నాడి విషయంలో మాత్రం ఎందుకు చెల్లదు?

అధ్యాపకురాలు: మిథైల్‌డోపాతోనే మొదలెట్టావు కాబట్టి చెబుతున్నా. అది డీకార్బాక్సిలేజును ఆపే మాట నిజమే. రక్తపోటు తగ్గేది మాత్రం అందువల్ల కాదు. శరీరంలోని ఎంజైములు దాన్ని మిథైల్‌నార్‌ఎపినెఫ్రిన్‌గా మార్చి, అది మెదడులోని ఆల్ఫా-2 గ్రాహకాలను తట్టడం వల్ల. ఆపుతుందనుకున్న ఎంజైమే దాన్ని మందుగా మార్చింది. ఇక నాడి దగ్గరికి వద్దాం. గామా-సెక్రటేజ్ అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ ముక్కను తయారుచేస్తుంది కాబట్టి దాన్ని ఆపాలని సెమాగసెస్టాట్ తెచ్చారు. 2010 ఆగస్టులో ఎలై లిలీ ఆ పరీక్షలు ఆపేసింది. మందు వాడినవాళ్ళ జ్ఞాపకశక్తి మెరుగవకపోగా దిగజారింది, చర్మక్యాన్సర్లు పెరిగాయి. ఎందుకంటే ఆ ఎంజైమ్ కోసేది అమైలాయిడ్ ఒక్కటే కాదు, నాచ్‌ను కోస్తుంది, ఇంకా ఎన్నెన్నో ప్రొటీన్లను కోస్తుంది. నెట్రిన్ గ్రాహకమైన డీసీసీ తునకను కూడా అదే శుభ్రం చేస్తుంది. ఆ శుభ్రత జరగని ఎలుక పిండాల్లో మోటార్ ఆక్సాన్లు వెన్నుపాము విడిచి బయటికి పోవాల్సింది, మధ్యగీత వైపు తిరిగాయని 2011లో చూశారు.

రసాయనజ్ఞుడు: అది తప్పు ఎంజైమును ఎంచుకోవడం. బీటా-సెక్రటేజును ఆపాలన్నారు ఆ తర్వాత.

అధ్యాపకురాలు: అదీ అయింది. వెరుబెసెస్టాట్ పరీక్షలు 2017, 2018ల్లో ఆగిపోయాయి. అంతకు ముందే ఎలుకలు హెచ్చరించాయి. ఆ ఎంజైమ్ లేని ఎలుకల్లో నాడుల మీది మైలిన్ తొడుగు పలచబడింది. వాసన తెలిపే ఆక్సాన్లలో కొన్ని చేరాల్సిన చోటికి చేరలేదు.

రసాయనజ్ఞుడు: ఒప్పుకుంటాను. అయితే మీరు ఒమెప్రజోల్‌ను దాటవేశారు. అది గోలీలో ఉన్నప్పుడు ఏ ఎంజైమునూ ముట్టుకోదు. రక్తంలో తిరిగినా ముట్టుకోదు. ఆమ్లం ఊరే కణాల సందుల్లో చేరాకే అక్కడి ఆమ్లంతో రూపం మార్చుకుని పంపులోని సిస్టీన్‌కు అతుక్కుంటుంది. ఎంజైమును ఏరుకోలేకపోయినా చోటును ఏరుకోవచ్చు. మీరు ఇందాకటి నుంచి అడుగుతున్నది అదేగా?

అధ్యాపకురాలు: అదే. కడుపుకు ఆ ఆమ్లం ఉంది. వెన్నుపాములో అలాంటి చిరునామా ఏముంది?

రసాయనజ్ఞుడు: గాయమే చిరునామా. వెన్నుపాము దెబ్బతిన్న చోట మచ్చ కడుతుంది. అందులోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు ఆక్సాన్‌ను ముందుకు పోనివ్వవు. ప్రోటియస్ వల్గారిస్ బాక్టీరియా నుంచి తీసిన కాండ్రాయిటినేజ్ ఏబీసీని 2002లో లండన్‌లో ఎలుకల గాయం దగ్గర వదిలారు. గొలుసులు తెగిపోయాయి, ఆక్సాన్లు గాయం దాటి పెరిగాయి, ఎలుకల నడక మెరుగైంది. ఇక్కడ ఎంజైమును ఆపలేదు, ఎంజైమునే మందుగా వాడారు. ఆ గొలుసులను పసిగట్టే గ్రాహకాల్లో ఒకటి పీటీపీ-సిగ్మా అని 2009లో తెలిసింది. అదీ ఒక ఫాస్ఫటేజే.

అధ్యాపకురాలు: ఆ ఎంజైమ్ ఒంటి వేడి దగ్గర ఎన్నాళ్ళు నిలుస్తుంది?

రసాయనజ్ఞుడు: కొద్ది రోజులే. 37 డిగ్రీల దగ్గర చురుకుదనం త్వరగా పోతుంది. ట్రెహలోజ్ చక్కెరతో నిలబెట్టి చూశారు, జన్యువుగా కణాలకే అందించి చూశారు. అది ఫార్ములేషన్ సమస్య మేడం, సిద్ధాంతం సమస్య కాదు.

అధ్యాపకురాలు: జన్యువుగా ఇస్తే ఎప్పుడు ఆపాలన్నది సిద్ధాంతం సమస్యే. ఆ గొలుసులు పెద్దయిన మెదడులో నాడీకణాల చుట్టూ వలలా అల్లుకుని కుదిరిన అనుసంధానాలను కాపాడతాయి. గాయం దాటి కోస్తూ పోతే వాటినీ కోస్తుంది.

రసాయనజ్ఞుడు చివరగా రో-కైనేజ్ ప్రస్తావన తెచ్చాడు. నెట్టేసే గుర్తులు చాలావరకు గ్రోత్ కోన్ లోపల రో అనే చిన్న ప్రొటీన్‌ను, దాని ద్వారా రాక్ అనే కైనేజును లేపుతాయి. దాన్ని ఆపే ఫాసుడిల్ 1995 నుంచి జపాన్‌లో, మెదడు రక్తస్రావం తర్వాత రక్తనాళాలు బిగుసుకోకుండా వాడుతున్నారు. అదే జాతి అణువు రిపాసుడిల్ 2014లో జపాన్‌లోనూ, నెటార్సుడిల్ 2017లో అమెరికాలోనూ గ్లాకోమాకు కంటిచుక్కలుగా అనుమతి పొందాయి. నాడిలో గ్రోత్ కోన్‌ను ముడిచే కైనేజును, ఒళ్ళంతటికీ పాకకుండా ఒక్క కంటిలోనే ఆపవచ్చని ఇవి చూపుతున్నాయన్నది అతని వాదం.

అధ్యాపకురాలు ఆ చుక్కలను కాదనలేదు. అవి పనిచేసేది కంటి నీరు బయటికి పోయే జల్లెడ కణజాలాన్ని సడలించి ఒత్తిడి తగ్గించడం ద్వారానని, కంటి నాడిలోని ఆక్సాన్ తిరిగి పెరగడం ద్వారా కాదని గుర్తుచేశారు. రోను నేరుగా ఆపే బాక్టీరియా ఎంజైమ్ ఆధారంగా చేసిన వీఎక్స్-210ను వెన్నుపాము గాయం వద్ద పెట్టి చేసిన మానవ పరీక్ష, ఫలితం కనబడక 2018లో ఆగిపోయిందని కూడా చెప్పారు. రాక్‌ను ఆపితే తెగిన కంటి నాడి పోగులు కొంత పెరగడం జంతువుల్లో కనబడింది. వృద్ధి కారకాన్ని కూడా జోడించినప్పుడు ఆ పెరుగుదల ఇంకా మెరుగైంది. ఈ చివరి వాక్యాన్ని ఇద్దరూ తమ తమ పక్షానికే జమ వేసుకున్నారు.